ఊరుమ్మడి బండి.. ఒంటరి బాధితుడు

పొద్దున ఆరున్నరకు అన్నోజిగూడ చౌరస్తాలో టీ కొట్టు దగ్గర ఒక అరగంట నిలబడండి. మైకులో పాట పెట్టుకుని చెత్త ఆటో వస్తుంది. దాని వెనకే ట్రాలీ తగిలించుకుని ట్రాక్టర్. ట్రాలీ అంచు మీద ఇద్దరు సఫాయి కార్మికులు కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటారు. పోచారం వైపు నీళ్ల ట్యాంకర్ ఒకటి ఒలకబోసుకుంటూ పోతుంది. వరంగల్ హైవే మీద ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్‌కు ఆర్టీసీ బస్సు దూసుకొస్తుంది. ముందు రాత్రి గట్టి వాన పడి ఉంటే విపత్తు దళం వాళ్ల లారీ కూడా కనిపిస్తుంది. చూసేవాళ్లకు అన్నీ సర్కారు బండ్లే. నిజానికి వీటిలో చాలావాటి యజమాని ఎవరని అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు.

చెత్త ఆటో సంగతే చూడండి. 2015 చివర్లో జీహెచ్‌ఎంసీ స్వచ్ఛ ఆటోలు తెచ్చినప్పుడు డ్రైవర్‌నే ఓనర్‌ను చేసింది. బ్యాంకు అప్పు అతని పేరనే, నెలవాయిదా కట్టేదీ అతనే. రంగు, లోగో, ఏ గల్లీకి ఎన్ని గంటలకు వెళ్లాలన్న హుకుం మాత్రం కార్పొరేషన్‌వి. జలమండలి తరఫున తిరిగే ట్యాంకర్లలో అద్దె బండ్లు ఎన్నో. 2017లో మురుగు కాలువల శుభ్రతకు జలమండలి 70 మినీ జెట్టింగ్ యంత్రాలు దించినప్పుడూ ఇదే పద్ధతి. యంత్రం దళిత పారిశ్రామికుడిది, అప్పు బ్యాంకుది, పని జలమండలిది. ఆర్టీసీలో సొంత బస్సులతో పాటు అద్దె బస్సులూ ఉంటాయి. బస్సు, డ్రైవర్ ప్రైవేటు యజమానివి, టికెట్టు డబ్బు సంస్థది. ఇక విపత్తు దళం జీహెచ్‌ఎంసీ చేతుల్లో పుట్టి, 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక అటు వెళ్లింది.

బండి నడిచినన్నాళ్లు ఈ కలగాపులగంతో ఎవరికీ ఇబ్బంది లేదు. అది ఎవరినైనా గుద్దిన రోజే అసలు ప్రశ్న లేస్తుంది: ఈ బండి ఎవరిది?

ఒక మాట అనుకుందాం. అనుకోవడమే, ఎవరి కేసూ కాదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలుపెట్టిన ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగడంతో, ఈ దారిన వచ్చేవాళ్లకు గుంతలు తప్పించుకుంటూ బండి నడపడం అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే ఒక కుర్రాడు స్కూటర్ మీద ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో డ్యూటీకి వెళ్తున్నాడు. రివర్స్ తీస్తున్న మున్సిపల్ ట్రాక్టర్ ట్రాలీ అతన్ని కొట్టింది. కాలు విరిగింది, ఆరు నెలలు మంచం. ఇంట్లో సంపాదన అతనిదొక్కటే. వాళ్ల నాన్న వకీలును పెట్టుకుని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశాడు. మూడో వాయిదాకు మూడు కౌంటర్లు వచ్చాయి. మున్సిపాలిటీ: ‘డ్రైవర్ మా ఉద్యోగి కాడు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనిషి.’ ఏజెన్సీ: ‘మనిషిని పంపడం వరకే మా పని, బండి మాది కాదు.’ బీమా కంపెనీ: ‘పాలసీలో ఉన్న పేరు వేరు, ట్రాలీకి అసలు పాలసీయే లేదు.’

ముగ్గురూ తమ తమ కాగితాల ప్రకారం నిజమే చెప్పి ఉండవచ్చు. మన పల్లెల్లో ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. అందరిదీ అయిన గొర్రెకు పుండు పడితే మందు పూసేవాడు ఉండడు. సర్కారు బండి కథా అంతే. కాకపోతే ఇక్కడ పుండు బండికి పడదు, దాని కింద పడ్డవాడికి పడుతుంది.

సర్కారు బండికి బీమా అక్కర్లేదా?

మున్సిపల్ ఆఫీసుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘సర్కారు బండే కదా, దానికి ఇన్సూరెన్స్ ఎందుకు?’ సగం నిజం కాబట్టే ఈ మాట ప్రమాదకరం. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ థర్డ్ పార్టీ బీమా లేకుండా ఏ బండీ రోడ్డెక్కకూడదంటుంది. రెండో ఉపసెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొంత బండ్లను వ్యాపారంతో సంబంధం లేని పనులకు వాడితే బీమా తప్పనిసరి కాదు. కలెక్టర్ కారు, పోలీసు జీపు ఈ కోవలోకి వస్తాయి. మన ఆఫీసుల చదువు ఇక్కడే ఆగిపోయింది.

మూడో ఉపసెక్షన్ కూడా చదివితే అసలు సంగతి తెలుస్తుంది. స్థానిక సంస్థలను చట్టం వేరే పెట్టెలో పెట్టింది. పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్, ఆర్టీసీ లాంటి రాష్ట్ర రవాణా సంస్థ.. వీటి బండ్లకు మినహాయింపు దానంతట అది రాదు. ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు ఇవ్వాలన్నా సంబంధిత సంస్థ పరిహారాల చెల్లింపునకు ముందే ఒక నిధి ఏర్పాటు చేసుకుని దాన్ని నిర్వహిస్తూ ఉండాలి. ఆర్టీసీ తన సొంత బస్సులకు ప్రీమియం కట్టకపోవడం ఈ దారిలోనే. అది తన జేబులోంచే పరిహారం చెల్లిస్తుంది. చెల్లించని రోజున కోర్టు అమీను డిపోకు వచ్చి బస్సును జప్తు చేసిన వార్తలూ మనం చదువుతూనే ఉన్నాం.

అంటే స్థానిక సంస్థకు ఉన్నవి రెండే దారులు: పాలసీ కట్టడమో, నిధి పెట్టడమో. రెండూ చేయకుండా బండిని రోడ్డెక్కిస్తే 196వ సెక్షన్ ప్రకారం నేరం. నడిపినవాడితో పాటు నడపనిచ్చినవాడూ దోషే. తొలిసారి రెండు వేల రూపాయల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ సెక్షన్ కింద ఒక మున్సిపల్ కమిషనర్‌కు చలానా రాసిన ట్రాఫిక్ ఎస్సైని మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. హెల్మెట్ లేని కుర్రాడి ఫొటో మాత్రం క్షణంలో తీస్తారు.

పేరు మారిన బండ్లు

అన్నోజిగూడలో ఈ చిక్కు రెండింతలు కావడానికి కారణం ఉంది. పదేళ్లు కూడా తిరక్కుండానే ఈ ప్రాంతం పంచాయతీ పాలన నుంచి మున్సిపాలిటీలోకి, అక్కడి నుంచి మహానగర పాలికలోకి మారింది. పోచారం మున్సిపాలిటీకి 2020 జనవరిలో తొలి ఎన్నికలు జరిగాయి. 2025 డిసెంబరులో ఔటర్ రింగు రోడ్డు లోపల, దాని అంచున ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. పోచారం, ఘట్‌కేసర్, బోడుప్పల్, పీర్జాదిగూడ అన్నీ అందులోకి పోయాయి. బోర్డులు మారాయి, జోన్లు మారాయి, పన్ను రసీదు మీద పేరు మారింది. మరి బండ్ల ఆర్సీలు?

పాత పంచాయతీ పేర కొని, మున్సిపాలిటీ అధీనంలోకి వచ్చి, ఇప్పుడు కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసు ఆదేశాలతో తిరిగే ట్రాక్టర్‌ను ఊహించుకోండి. తలుపు మీద పాత పేరును కొట్టేసి కొత్త పేరు రాయడానికి ఒక పెయింటర్, ఒక పూట చాలు. ఆర్సీ మార్చడానికి రవాణా శాఖకు దరఖాస్తు పెట్టాలి, పాలసీ మార్చడానికి బీమా కంపెనీకి రాయాలి. ఈ రెండు పనులూ ఏ గుమాస్తా బల్ల మీదా ‘అర్జెంట్’ కట్టలో ఉండవు.

ఈ నిర్లక్ష్యం ఖరీదు ఎంతో సుప్రీంకోర్టు ఇదివరకే చెప్పింది. నవీన్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం, బండి ఎన్ని చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం బాధ్యతా వారిదే. అది ప్రైవేటు కారు కేసు. అదే సూత్రాన్ని మన ట్రాక్టర్‌కు వర్తింపజేస్తే ఏమవుతుంది? ఆర్సీలో పేరున్న సంస్థ ఇప్పుడు లేనే లేదు. ఆస్తులతో పాటు అప్పులూ బాధ్యతలూ కొత్త సంస్థకు సంక్రమిస్తాయన్నది విలీనాల్లో మామూలు సూత్రమే. అయినా ఆ మాట బాధితుడి వకీలు ట్రిబ్యునల్‌లో నిరూపించాలి. దానికి జీవోలు కావాలి, ఆ జీవోల నకళ్లు కావాలి, ఆ నకళ్ల కోసం ఇంకో రెండు వాయిదాలు కావాలి.

పాలసీ విషయంలో చట్టం కొంత మేలు చేసింది. 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ పాలసీ దాని వెంటే వెళ్లినట్టు లెక్క. పద్నాలుగు రోజుల్లో పేరు మార్పించుకోవాలన్న షరతు ఉన్నా, అలా చేయలేదన్న సాకుతో దారిన పోయే బాధితుడికి పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదని 1999లోనే గోవిందన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బండికి జరిగిన నష్టానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. అంటే ప్రమాదంలో మున్సిపల్ ట్రాక్టర్ తుక్కయితే, పాలసీ పేరు మారలేదన్న కారణంతో ఆ నష్టం ప్రజల పన్నుల సొమ్ము మీదే పడొచ్చు. ఈ సంగతి ఆడిట్ అభ్యంతరంగా వచ్చేదాకా ఎవరికీ గుర్తుకు రాదు.

అద్దె ఒక దారి, స్వాధీనం ఒక దారి

పంచుకునే బండ్ల మీద కోర్టు తీర్పులు చదివితే, ఒక్కో కేసులో భారం ఒక్కో తలుపు ముందు పడటం కనిపిస్తుంది. రాజస్థాన్ ఆర్టీసీ అద్దెకు తీసుకున్న బస్సు ప్రమాదంలో 1997లో సుప్రీంకోర్టు కార్పొరేషన్‌నే బాధ్యురాలిని చేసింది. డ్రైవర్ ప్రైవేటు యజమాని మనిషే అయినా, కండక్టర్ చెప్పిన చోట ఆపి, చెప్పిన దారిన నడిపినప్పుడు ఆ నియంత్రణ సంస్థదేనంది. 2011లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ అద్దె బస్సు మీద వచ్చిన కుల్సుమ్ కేసు తీర్పు ఇంకో అడుగు వేసింది. యజమాని పాలసీ కట్టి, బస్సును సంస్థకు అప్పగించాడంటే ఆ పాలసీ కూడా సంస్థ వెంట నడిచినట్టే, కాబట్టి కంపెనీ చెల్లించాల్సిందేనంది. 2020 జూన్‌లో రాజేంద్రీ దేవి కేసులోనూ అదే మాట నిలబడింది. ఒకే బస్సుకు ఇద్దరు ప్రీమియం కట్టరు కదా అన్న మామూలు ఇంగితం ఇందులో ఉంది.

స్వాధీనం కేసుల తీరు వేరు. ఎన్నికల డ్యూటీకి అధికారులు బలవంతంగా తీసుకున్న బండి ప్రమాదం చేస్తే యజమానిదీ కాదు, అతని బీమా కంపెనీదీ కాదు, తీసుకున్న ప్రభుత్వానిదే బాధ్యతని 2007లో దీపాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో అస్సాంకు చెందిన పూర్ణకళాదేవి కేసులోనూ అదే. వద్దనే హక్కు లేని యజమానిని శిక్షించడం అన్యాయమన్నది దాని వెనుక తర్కం.

మరి మన స్వచ్ఛ ఆటో ఏ దారిలోకి వస్తుంది? డ్రైవర్ ఒప్పందం మీదే వచ్చాడు కాబట్టి స్వాధీనం కాదు. నెలకు ఇంత అని కార్పొరేషన్ కట్టే అద్దె మీద కాకుండా ఇళ్ల నుంచి వసూలు చేసుకునే రుసుము మీద బతుకుతాడు కాబట్టి, అద్దె బస్సుతో అచ్చంగా పోల్చలేం. నా లెక్కలో కుల్సుమ్ కేసే దీనికి దగ్గర. బండి ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పేది కార్పొరేషన్, పాలసీ కట్టింది డ్రైవర్. ఆ పాలసీ అమల్లో ఉంటే కంపెనీ చెల్లించాలి, ల్యాప్స్ అయితే కార్పొరేషన్ చెల్లించాలి. అప్పు కిస్తీలు కట్టలేక సతమతమయ్యే డ్రైవర్ ఇంటి మీద పడి డిక్రీ అమలు చేయడం అటు బాధితుడికీ ఉపయోగం లేదు, ఇటు న్యాయమూ కాదు. లోగో వేయించుకున్న సంస్థ పూచీ కూడా వేసుకోవాలి.

ట్రాలీ మీద కూర్చున్న మనిషి

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ట్రాక్టర్ ట్రాలీ. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలయ్యాక తెలంగాణలో అప్పటి 12,769 పంచాయతీలకూ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనిపించారు. ఊళ్లు శుభ్రమయ్యాయి, మొక్కలకు నీళ్లు అందాయి, కాదనలేం. అయితే ట్రాక్టర్లు ఎక్కువగా బ్యాంకు అప్పు మీద వచ్చాయి. కిస్తీ కట్టేది పంచాయతీ. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన నడిచిన కాలంలో నిధులు రాక, డీజిల్ డబ్బులు పంచాయతీ కార్యదర్శులే జేబులోంచి పెట్టుకున్నామని మొత్తుకున్నారు. డీజిల్‌కే దిక్కులేని చోట పాలసీ రెన్యువల్ గుర్తుంటుందా?

గుర్తున్నా సరిపోదు. తెలంగాణలో పంచాయతీ చెక్కు ఉపఖజానా కార్యాలయం దాటాలి. అక్కడ ఆంక్షల వల్ల నెలలు ఆగిన చెక్కుల కథలు ప్రతి సర్పంచ్ నోటా ఉన్నాయి. 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ ఏం చెబుతుంది? ప్రీమియం చేతికి అందనిదే కంపెనీ పూచీ తీసుకోకూడదు. అంటే చెక్కు ఖజానాలో నిద్రపోతున్నన్నాళ్లు ట్రాక్టర్ బీమా లేకుండానే రోడ్ల మీద తిరుగుతుంది. రాసింది సర్కారు, ఆపింది సర్కారు, కాలు పోయేది దారిన పోయేవాడికి.

ఇక ట్రాలీ. ట్రాక్టర్‌కు పాలసీ ఉంటే ట్రాలీకీ ఉన్నట్టే అని చాలామంది నమ్మకం. ట్రాలీ చట్టం దృష్టిలో వేరే బండి, దానికి వేరే ప్రీమియం. ట్రాక్టర్ పాలసీ ‘వ్యవసాయ పనులకు మాత్రమే’ అని తీసుకుని చెత్త మోయిస్తే, ఆ వాడకం పాలసీకి విరుద్ధమని కంపెనీ అంటుంది. ట్రాలీ అంచున కూర్చున్న సఫాయి కార్మికుడు జారిపడి చనిపోతే, అతను దారిన పోయేవాడు కాదు, అనుమతి ఉన్న ప్రయాణికుడూ కాదు. కాబట్టి మాకు సంబంధం లేదనేది బీమా కంపెనీల స్థిరమైన వాదన. 2007లో బ్రిజ్‌మోహన్ కేసులో ట్రాలీలో వెళ్తున్న కూలీ విషయంలో ఇదే జరిగింది. చట్టప్రకారం కంపెనీకి బాధ్యత లేదంటూనే సుప్రీంకోర్టు తన ప్రత్యేకాధికారం వాడి, ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమంది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగినవాడికి దక్కిన దయ. అన్నోజిగూడ కార్మికుడి భార్య ఎక్కడిదాకా వెళ్తుంది?

దీనికి 2019 నాటి జీవో 51 తోడైంది. పంచాయతీ కార్మికులందరినీ ‘మల్టీ పర్పస్ వర్కర్లు’ అన్నారు. జీతం 8,500 రూపాయలతో మొదలైంది. పొద్దున చీపురు పట్టినవాడే మధ్యాహ్నం మోటారు ఆన్ చేయాలి, సాయంత్రం ట్రాక్టర్ నడపాలి. నడిపేవాడికి లైసెన్సు ఉందా అన్న ప్రశ్న బీమా కంపెనీ వకీలుకు పండగలాంటిది. 2024 నవంబరులో రంభాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేలికపాటి వాహనాల లైసెన్సున్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలూ నడపొచ్చని తేల్చి స్వచ్ఛ ఆటో డ్రైవర్లకు ఊరటనిచ్చింది. అసలు లైసెన్సే లేని మల్టీ పర్పస్ వర్కర్‌ను ఆ తీర్పు కాపాడదు. అతన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టినవాళ్ల పేరు పిటిషన్‌లో ఉండదు. పంచాయతీ దశలో నాటుకున్న ఈ అలవాట్లన్నీ బండ్లతో పాటే మున్సిపాలిటీలకూ, అక్కడి నుంచి మహానగరానికీ వస్తాయి.

ఇవన్నీ కొత్త గొడవలేమీ కావు. 1952లో ఉదయపూర్ కలెక్టర్ జీపును మరమ్మతు చేయించుకుని తెస్తున్న తాత్కాలిక డ్రైవర్ దారిన పోయే మనిషిని గుద్దితే, రాజు చేసిన తప్పుకు ప్రజ పరిహారం అడగకూడదన్న పాత వాదనను ప్రభుత్వం కోర్టులో వినిపించింది. 1962లో విద్యావతి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి పదిహేను వేల రూపాయల పరిహారం ఖాయం చేసింది. 1994లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన నాగేంద్రరావు కేసు ఆ వాదనకు ఇంకాస్త గోరీ కట్టింది. సార్వభౌమ రక్షణ అన్న వాదన పోయింది గానీ, దాని స్థానంలో కాగితాల మీద పేర్ల గందరగోళం వచ్చి కూర్చుంది. ఫలితం ఒకటే.

పొరుగు రాష్ట్రం చేసిన పని

దారి లేదా అంటే ఉంది, బెంగళూరు దాకా వెళ్తే చాలు. కర్ణాటక ప్రభుత్వ బీమా శాఖ ఉద్యోగుల జీవిత బీమాతో పాటు మోటారు బీమా కూడా నడుపుతుంది. ప్రభుత్వ శాఖలు, బోర్డులు, స్థానిక సంస్థల బండ్లకు అక్కడే పాలసీ. కేరళ రాష్ట్ర బీమా శాఖదీ ఇదే దారి. మనకూ నిజాం కాలం నుంచి, 1907 నుంచి, ప్రభుత్వ జీవిత బీమా ఉంది. అది జీవిత బీమా దగ్గరే ఆగిపోయింది.

బ్రిటన్‌లో స్థానిక సంస్థలు 1903లోనే మున్సిపల్ మ్యూచువల్ అనే సొంత బీమా సంస్థను పెట్టుకున్నాయి. అమెరికాలో 1980ల నడుమ బీమా కంపెనీలు ఊళ్లకు పాలసీలు ఇవ్వడం మానేసినప్పుడు చిన్న చిన్న పట్టణాలు కలిసి ఉమ్మడి నిధులు పెంచుకున్నాయి. అంతా తీపి కథ కాదు సుమా. బ్రిటన్ సంస్థ 1992లో కొత్త పాలసీలు ఆపేసింది, తర్వాత పాత క్లెయిముల కోసం సభ్య కౌన్సిళ్ల నుంచే డబ్బు వెనక్కు తీసుకుంది. సరైన లెక్క కట్టని ఉమ్మడి నిధి పిల్లల మెడకు చుట్టుకునే అప్పవుతుంది. అందుకే నా అభిప్రాయం: ఒక్కో మున్సిపాలిటీ విడిగా నిధి పెట్టుకోవడం కన్నా, రాష్ట్రమంతా కలిపి ఒకే నిధి, దానికి లెక్కలు తెలిసిన బీమా గణకుల పర్యవేక్షణ మేలు. అది కుదిరేదాకా ప్రతి బండికీ మామూలు పాలసీ కట్టాలి. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్లలో 7,500 కిలోల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 16,049 రూపాయలు. డివైడర్ల మీద ఏడాదికోసారి మారే రంగుల ఖర్చుతో పోలిస్తే ఇదొక లెక్క కాదు.

నిధి పెట్టడమొక్కటే చాలదు. ఆఫీసుల మధ్య గొడవను బాధితుడి నెత్తిన రుద్దకూడదన్న నియమం ఉండాలి. కోర్టులు కంపెనీలకు చెప్పే ‘ముందు కట్టు, తర్వాత రాబట్టుకో’ సూత్రాన్నే సర్కారు సంస్థలు తమకు తాము వర్తింపజేసుకోవాలి. రోజువారీ పని ఎవరి ఆదేశం మీద జరిగిందో ఆ సంస్థ ముందు చెల్లించాలి. ఆర్సీ ఎవరిది, డ్రైవర్ ఎవరి మనిషి, ట్రాలీ ఎవరిదన్నది వాళ్లూ వాళ్లూ ఆర్థిక శాఖ ముందు కూర్చుని తేల్చుకోవాలి. ఆ వాదన అయ్యేదాకా మంచం మీదున్న మనిషి వాయిదాలకు తిరగడమెందుకు?

విలీనమైన 27 సంస్థల నుంచి ఎన్ని బండ్లు వచ్చాయి, ఎన్నిటికి ఆర్సీ మారింది, ఎన్నిటికి పాలసీ ఉంది, ట్రాలీలకు విడిగా ఉందా? ఈ నాలుగు అంకెలను వార్డు ఆఫీసు గోడ మీద అంటించమని కమిషనర్లను అడగడం అత్యాశేమీ కాదు.

అది జరిగేలోగా ఈ దారిన తిరిగే మనబోటివాళ్లు చేయాల్సినవీ కొన్ని ఉన్నాయి. సర్కారు బండి ప్రమాదం చేస్తే తలుపు మీది పేరు చూసి ఊరుకోవద్దు. నంబరు ప్లేటు, ట్రాలీ వెనక ఉండే నంబరు రెండూ ఫొటో తీయండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే బీమా గడువు ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. కనిపించకపోతే సమాచార హక్కు కింద అడగండి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకం అమల్లో ఉంది. గుద్దిన బండికి బీమా లేకున్నా అది వర్తిస్తుంది, ఆసుపత్రిలో అడిగి తీసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. స్టేషన్‌కు వెళ్లి ఆ కాపీ అడగడం మీ హక్కు. పిటిషన్‌లో డ్రైవర్‌ను, ఆర్సీలో ఉన్న పేరును, ఏజెన్సీని, కార్పొరేషన్‌ను, బీమా కంపెనీని అందరినీ ప్రతివాదులుగా చేర్చమని వకీలుకు చెప్పండి. ఒక్కరిని వదిలేసినా మిగిలినవాళ్లు ఆ ఖాళీ వైపే వేలు చూపిస్తారు. పరిహారం కోసం ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని సవరించిన చట్టం అంటోంది. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో విచారణ నడుస్తూ, ఆలస్యం కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం వచ్చింది. దాని మీద భరోసా పెట్టుకుని కూర్చోకండి, ఆరు నెలల లోపే వేసేయండి.